ఫిజీ ఫుట్‌బాల్ జట్టు: 10-0 చూసి నవ్వేముందు ఈ కథ తెలుసుకోవాలి

గోదారిగట్టు (రాజమండ్రి):

మొన్న రాత్రి రియో ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఫలితాలు తిరగేస్తూ ఒక స్కోరు దగ్గర ఆగిపోయాను. 2016 ఆగస్టు 10, జర్మనీ 10, ఫిజీ 0. అంతకుముందు దక్షిణ కొరియా చేతిలో 8-0, మెక్సికో చేతిలో 5-1. మూడు మ్యాచుల్లో 23 గోల్స్ ఇచ్చేశారు. ఆ వీడియో కింద జనం రాసిన మాటలన్నీ వెక్కిరింపులే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ జట్టు కెప్టెన్ పేరు రాయ్ కృష్ణ. ఇంకాస్త వెతికితే ఫిజీ జాతీయ జట్టుకు ఆడినవాళ్ళలో ప్రణీల్ నాయుడు అనే పేరు కూడా కనపడింది. నాయుడు!

ఇన్నాళ్ళూ ఫిజీ అంటే రగ్బీ అనే విన్నాను. తొమ్మిది లక్షల జనం, మూడు వందల పైచిలుకు దీవులు. అక్కడ ఫుట్‌బాల్ ఆడేదెవరు, చూసేదెవరు? తెలిసినవాళ్ళు తీరిగ్గా చెప్పండి, చదువుతాను.

ఆక్లాండ్ అబ్బాయి:

అన్నా, నేను ఆక్లాండ్‌లో పాపాటోయ్‌టోయ్‌లో ఉంటాను. మా వీధిలో ఫిజీ ఇండియన్ల ఇళ్ళు చాలా ఉన్నాయి. రగ్బీ వచ్చినప్పుడు అందరూ కలిసి టీవీ ముందు కూర్చుంటారు. ఫుట్‌బాల్ మాట వస్తే మాత్రం విడిపోతారు. ఒకాయన బా, ఒకాయన లౌటోకా, ఎదురింటి పెద్దాయన లంబాసా. ఫిజీ వదిలి పాతికేళ్ళయినా జిల్లా జట్టుని వదల్లేదు. అక్టోబరులో అక్కడ ఇంటర్ డిస్ట్రిక్ట్ టోర్నమెంట్ జరుగుతుంది. మా వీధిలో కొందరు దానికోసమే సెలవు పెట్టి విమానం ఎక్కుతారు. మనవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళినట్టు.

లెక్కల మాస్టారు (విజయనగరం):

నేను లౌటోకాలో కొన్నేళ్ళు లెక్కలు చెప్పి వచ్చాను. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఫిజీలో ఫుట్‌బాల్ చెరకుతోటల నుంచి వచ్చింది. 1879 నుంచి 1916 దాకా అరవై వేల పైచిలుకు మందిని మన దేశం నుంచి ఓడల్లో తీసుకుపోయారు. మొదట కలకత్తా రేవు నుంచి, 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా. ఐదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకి రోజుకో షిల్లింగు. అగ్రిమెంట్ అనే మాట వాళ్ళ నోట్లో గిర్మిట్ అయింది. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు ఉన్నారు. వాళ్ళతోపాటు ఉత్తర ఆర్కాటు, మలబారువాళ్ళు. అక్కడివాళ్ళు వీళ్ళందర్నీ కలిపి మదరాసీలనే అన్నారు.

ఒప్పందాలన్నీ 1920 నాటికి రద్దయ్యాయి. ఆ తర్వాత కౌలు పొలాల్లో స్థిరపడ్డ ఈ జనం పిల్లలే బంతి పట్టుకున్నారు. రగ్బీ దొరలదీ, అక్కడి మూలవాసులైన ఇటౌకేలదీ. గూడెంలో వాళ్ళు ఆడుకోడానికి ఒక బంతీ, కోసేసిన చెరకు మడీ చాలు కదా. 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. ఇంటర్ డిస్ట్రిక్ట్ పోటీ ఆ ఏడాదే మొదలైంది. ఈ రోజుకీ ఫిజీలో అన్నిటికన్నా పెద్ద ఫుట్‌బాల్ పండుగ అదే. అసోసియేషన్ పేరులోంచి 'ఇండియన్' తీసేసి, ఇటౌకే ఆటగాళ్ళకు తలుపు తెరిచింది 1960ల మొదట్లో.

మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. బా, లౌటోకా, లంబాసా: మూడూ చక్కెర మిల్లున్న ఊళ్ళు. మూడూ ఫుట్‌బాల్ ఊళ్ళే. అందులో బా సంగతి వేరు. నల్ల జెర్సీ. 1975 నుంచి 1980 దాకా వరసగా ఆరుసార్లు ఇంటర్ డిస్ట్రిక్ట్ గెలిచారు. 2007లో ఓషియానియా (న్యూజీలాండ్, పసిఫిక్ దీవుల ప్రాంతం) ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి వెళ్ళి న్యూజీలాండ్ జట్టు వైటాకెరే యునైటెడ్‌ని సొంత ఊళ్ళో 2-1తో ఓడించారు. అక్కడికి వెళ్ళి 1-0తో ఓడిపోయారు. మొత్తం 2-2, కానీ పరాయి గడ్డ మీద కొట్టిన గోల్‌కి విలువెక్కువ అన్న నిబంధనతో కప్పు చేజారింది. మా స్కూల్లో బా నుంచి వచ్చిన సైన్సు మాస్టారొకాయన ఆ ఒక్క గోల్ గురించి నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

స్కోర్‌బోర్డు:

మాస్టారు గారూ, చరిత్ర బాగుంది. కానీ జాతీయ జట్టు గురించి ఉన్నమాట కూడా చెప్పుకుందాం. 1981 ఆగస్టులో ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో న్యూజీలాండ్ చేతిలో 13-0. అందులో స్టీవ్ సమ్నర్ ఒక్కడే ఆరు కొట్టాడు. 2025 మార్చిలో 2026 ప్రపంచకప్ కోసం ఓషియానియా సెమీఫైనల్ దాకా వచ్చారు, అక్కడ మళ్ళీ న్యూజీలాండ్ చేతిలో 7-0, క్రిస్ వుడ్ హ్యాట్రిక్. మధ్యలో నలభై నాలుగేళ్ళు గడిచాయి. ఇంత అభిమానం, ఇన్ని టోర్నమెంట్లు ఉన్న దేశం ఇంకా ఇక్కడే ఎందుకుంది? నేను వెక్కిరించడానికి అడగట్లేదు. ఆ జట్టు మీద నిజంగా ప్రేమ ఉంటే ఈ ప్రశ్న వేసుకోవాలి.

లెక్కల మాస్టారు (విజయనగరం):

వేసుకోవాల్సిన ప్రశ్నే. అయితే ఇంకో స్కోరు కూడా దాని పక్కన పెట్టండి. 1988 నవంబరు 26, నాండీ పట్టణం (నాదీ అన్నట్టు రాస్తారు, పలకడం నాండీ). ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో ఫిజీ 1, ఆస్ట్రేలియా 0. గోల్ కొట్టింది రవుఆమా మదిగి. అదే ఏడాది జూలైలో అప్పటి ప్రపంచ విజేత అర్జెంటీనాను 4-1తో కొట్టిన ఆస్ట్రేలియా అది. సియోల్ ఒలింపిక్స్‌లో క్వార్టర్‌ఫైనల్ ఆడి అప్పటికి రెండు నెలలే అయింది. వారం తర్వాత న్యూకాజిల్‌లో 5-1తో వాళ్ళు బదులు తీర్చుకున్నారు, ఫిజీ బయటికొచ్చేసింది. అది వేరే సంగతి.

నాకు ముఖ్యమనిపించేది ఆ తేదీ. 1987 మేలో సైన్యాధికారి రబుకా నడిపిన సైనిక కుట్ర జరిగింది, సెప్టెంబరులో రెండోది. భారతీయుల మెజారిటీతో వచ్చిన ప్రభుత్వాన్ని దించేశారు. అప్పటికి జనాభాలో దాదాపు సగం భారత సంతతివాళ్ళే. ఆ తర్వాత రెండు జాతుల మధ్య పడిన చీలిక ఎలాంటిదో నేను అక్కడున్న రోజుల్లో కూడా కనిపించేది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఓటు గురించి మాట్లాడుకునేవారు కాదు. ఆ రెండో కుట్ర జరిగి ఏడాదిన్నర తిరక్కుండా, భారతీయులు పెట్టి పెంచిన ఆటలో ఒక ఇటౌకే కుర్రాడు ఆస్ట్రేలియా మీద గోల్ కొట్టాడు. ఆ రోజు గ్రౌండులో ఉన్న మా హెడ్‌మాస్టరు గారు ఒక్క ముక్క చెప్పారు నాతో: "పక్కనున్నవాడు ఎవరో చూసుకోకుండా కావిలించుకున్నాను, ఆ సంవత్సరం అలా చెయ్యగలిగింది అక్కడొక్కచోటే."

సాలూరు సంత:

మాస్టారు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా ముత్తాత తమ్ముడొకాయన సాలూరు దగ్గర పల్లె నుంచి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఇంట్లో అందరూ "రంగం వెళ్ళాడు" అనే చెప్పుకునేవారు. మా వైపు సముద్రం దాటితే అంతా రంగమే (రంగూనే) కదా. చాలా ఏళ్ళకి ఒక ఉత్తరం వచ్చిందట, అందులో ఫిజీ అని ఉందట. ఆ ఉత్తరం ఇప్పుడు లేదు. ఆయన పిల్లలు, మనవలు ఏ ఊళ్ళో ఉన్నారో, ఏ జట్టుకి ఈల వేస్తున్నారో అని మొదటిసారి అనుకున్నాను. ఇంతకీ నాయుడు అంటే మనవాళ్ళేనా?

ఆక్లాండ్ అబ్బాయి:

పేరు చూసి చెప్పలేం అండీ. తమిళులలోనూ నాయుళ్ళు ఉన్నారు, పైగా అక్కడ నాలుగైదు తరాలు కలిసిపోయాయి. రెడ్డి, నాయుడు, రాజు అనే ఇంటిపేర్లు ఇక్కడ నాకు రోజూ ఎదురవుతాయి. మాట మాత్రం ఫిజీ హిందీయే. మా ఎదురింటి పెద్దాయన ఇంటిపేరు కూడా రెడ్డి. తెలుగులో ఆయనకి మిగిలినవి నాలుగైదు మాటలు. వాళ్ళ ఆజీ (నాయనమ్మ) అలా అనేది అని "అన్నం తిన్నావా" అంటాడు. నేను తిన్నానంటే మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోతాడు. ఆయన లంబాసా మనిషి అని చెప్పానుగా, రాయ్ కృష్ణది కూడా లంబాసానే. ఆ పేరెత్తితే చాలు, ఇక ఆపడు.

గచ్చిబౌలి గ్యాలరీ (హైదరాబాద్):

రాయ్ కృష్ణ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను.

2022 మార్చి, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీఫైనల్, మా హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎదురుగా మోహన్ బగాన్. మొదటి మ్యాచు 18వ నిమిషంలో కృష్ణ గోల్ కొట్టేశాడు. మా ఇంట్లో అందరం నీరుగారిపోయాం. తర్వాత ఓగ్బెచే, యాసిర్, సివేరియో కలిసి 3-1 చేశారు. రెండో మ్యాచులో 79వ నిమిషంలో మళ్ళీ కృష్ణే కొట్టాడు. ఆ చివరి పది నిమిషాలు నేను కూర్చోలేదు. 3-2తో గట్టెక్కి, ఆ ఆదివారమే కప్పు తెచ్చుకున్నాం. ఆ రెండు మ్యాచుల్లో మోహన్ బగాన్‌కి వచ్చిన రెండు గోల్సూ ఒక ఫిజీ కుర్రాడివే.

అతని దారి చూడండి. లంబాసా నుంచి ఆక్లాండ్, అక్కణ్ణుంచి వెల్లింగ్టన్ ఫీనిక్స్. 2018-19 సీజన్‌కి ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే జానీ వారెన్ మెడల్ తెచ్చుకున్నాడు. 2019లో ఇక్కడికి వచ్చి మొదటి ఏడాదే కోల్‌కతా క్లబ్బు ఏటీకేతో ఐఎస్ఎల్ టైటిల్, ఆ సీజన్‌లో 15 గోల్స్. తర్వాత బెంగళూరుతో 2022 డ్యూరాండ్ కప్, ఆ తర్వాత ఒడిశా. నూరేళ్ళ కిందట ఇక్కణ్ణుంచి కూలీలుగా వెళ్ళినవాళ్ళ మనవడు, ఇక్కడికి విదేశీ ఆటగాడిగా తిరిగొచ్చాడు. ఇక్కడి క్లబ్బులు అతని కోసం పోటీ పడ్డాయి. బెంగళూరు జెర్సీలో గచ్చిబౌలికి వచ్చినప్పుడు నేను స్టాండ్స్‌లో ఉన్నాను. ఎదుటి జట్టువాడే, అయినా చప్పట్లు కొట్టాను.

స్కోర్‌బోర్డు:

ఒప్పుకుంటాను, కృష్ణ గొప్ప ఆటగాడు. నా ప్రశ్నకి అతనే సగం జవాబు కూడా. తొమ్మిది లక్షల్లో అలాంటి స్థాయికి వెళ్ళినవాడు అతనొక్కడే ఎందుకు? ఫిజీ లీగ్‌లో ఆడేవాళ్ళలో ఎక్కువమందికి ఉద్యోగం వేరే ఉంటుంది. రియోలో ఫిజీ గోల్‌కీపర్ సిమియోనే తమానిసౌ వృత్తిరీత్యా పోలీసు. అవతల జర్మనీ తరఫున ఒక్కడే ఐదు కొట్టిన నిల్స్ పీటర్సన్ బుందెస్లిగా (జర్మనీలో అన్నిటికన్నా పై లీగ్) ఆటగాడు. సంవత్సరానికి ఎన్ని గట్టి మ్యాచులు ఆడితే ఆట పెరుగుతుందో అన్ని మ్యాచులు ఆ దీవులవాళ్ళకి దొరకవు. టికెట్ ఖర్చే ఎక్కువ.

లెక్కల మాస్టారు (విజయనగరం):

తమానిసౌ పేరెత్తారు కాబట్టి అతని కథ ఒకటి చెప్పాలి. 10-0 వీడియోలు చూసేవాళ్ళెవరికీ ఇది తెలీదు.

2006 డిసెంబరులో ఫిజీలో సైన్యాధిపతి బైనిమరామా కుట్ర జరిగింది. దాంతో ఫిజీ సైన్యంవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ న్యూజీలాండ్ వీసాలు ఆపేసింది. 2007 అక్టోబరులో ప్రపంచకప్ క్వాలిఫయర్ ఆడటానికి ఫిజీ జట్టు న్యూజీలాండ్ వెళ్ళాలి. తమానిసౌకి వీసా ఇవ్వలేదు. అతను చేసుకోబోయే అమ్మాయి తండ్రి సైన్యంలో ఉన్నాడట, అదీ కారణం. ఫిఫా ఆ మ్యాచు ఆపేసింది. ఏడాది తర్వాత, 2008 నవంబరు 19న, మా లౌటోకాలో చర్చిల్ పార్కులో ఆడించారు. ఫిజీ 2, న్యూజీలాండ్ 0. ఇరవై ఒక్కేళ్ళ రాయ్ కృష్ణ పేరు స్కోరుబోర్డు మీద ఉంది. అప్పటికే న్యూజీలాండ్ గ్రూపు గెలిచేసింది, పాయింట్ల పట్టికలో ఆ మ్యాచు దేన్నీ మార్చలేదు. లౌటోకావాళ్ళకి అది పట్టలేదు. నేను వెళ్ళింది ఆ తర్వాతే, అయినా టీ కొట్టు దగ్గర ఆ మ్యాచు నాకు ఆడి చూపించినంత పని చేశారు.

పోతే, ఆటగాళ్ళు తక్కువ ఎందుకంటే రెండు కారణాలు నా కళ్ళతో చూశాను. ఒకటి రగ్బీ. గట్టి కాళ్ళున్న ప్రతి కుర్రాడినీ స్కూల్లోనే రగ్బీ లాగేసుకుంటుంది. పేరు, విదేశీ కాంట్రాక్టు, స్కాలర్‌షిప్పు అన్నీ అందులోనే. రెండోది వలస. 1987 తర్వాత, మళ్ళీ 2000 కుట్ర తర్వాత, కౌలు గడువు తీరిన పొలాలు వదులుకుని, భారత సంతతివాళ్ళు వేలల్లో వెళ్ళిపోయారు. సగం దాకా ఉన్నవాళ్ళు ఇప్పుడు మూడో వంతు. మంచి ఫుట్‌బాల్ ఆడే నా విద్యార్థులు ముగ్గురు ఒకే ఏడాది కుటుంబాలతో వెళ్ళిపోయారు, ఇద్దరు ఆక్లాండ్, ఒకడు బ్రిస్బేన్. ఇప్పుడు జాతీయ జట్టులో ఎక్కువమంది ఇటౌకే పిల్లలే. ఆడించేవాళ్ళలో, డబ్బు పెట్టేవాళ్ళలో భారతీయులు ఎక్కువ. ఇది కొందరికి నచ్చదు, రెండు వైపులా సణుగుడు ఉంది. కానీ ఆ దేశంలో రెండు జాతులూ ఒకే జట్టు కోసం గొంతు చించుకునే చోటు ఇంకేముందో నన్ను చెప్పమంటే వెతుక్కోవాలి.

గోదారిగట్టు (రాజమండ్రి):

మాస్టారూ, రగ్బీ కూడా అంతే కదా? రియోలో బంగారం తెచ్చినప్పుడు దేశమంతా ఒకటైందని చదివాను.

లెక్కల మాస్టారు (విజయనగరం):

నిజమే బాబూ, ఆ మాట తోసిపుచ్చను. దేశం మొత్తానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం అది. సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) ఫైనల్‌లో బ్రిటన్ మీద 43-7. అందరూ వీధుల్లోకి వచ్చారు. నేను అన్నది ఆడే జట్టు సంగతి. రగ్బీ జట్టులో భారత సంతతి కుర్రాడు కనపడటం చాలా అరుదు.

తేదీలు కూడా గమనించండి. జర్మనీ చేతిలో 10-0 అయింది ఆగస్టు 10న. రగ్బీ బంగారం 11న. ఒక్క రోజు తేడా. ఫుట్‌బాల్ పిల్లల ఓటమి గురించి ఆ వారం ఫిజీలో ఎవరూ తిట్టలేదు, ఆ మాటకొస్తే ఎవరూ తల్చుకోలేదు కూడా. రెండోదే నాకు బాధ.

సాలూరు సంత:

రియోలో ఆ మెక్సికో మ్యాచు ఇప్పుడే చూశాను. ఎవరూ చెప్పలేదేంటండీ! పదో నిమిషంలో కృష్ణ గోల్ కొట్టాడు. ఫిజీ 1, మెక్సికో 0. అప్పటికి ఒలింపిక్ విజేత మెక్సికోయే, 2012 లండన్‌లో బంగారం వాళ్ళదే. హాఫ్ టైమ్ దాకా ఆధిక్యం నిలుపుకున్నారు. రెండో సగంలో ఐదు తిన్నారు, సరే. కొరియా మీద కూడా హాఫ్ టైమ్‌కి ఒక్క గోలే. రెండో సగంలో కాళ్ళు ఆగిపోయాయి. వారానికి ఒక గట్టి మ్యాచు కూడా దొరకని జట్టు తొంభై నిమిషాలు ఆ వేగం తట్టుకోలేకపోవడంలో నవ్వడానికి ఏముంది?

స్కోర్‌బోర్డు:

హాఫ్ టైమ్ స్కోర్లు నేను చూసుకోలేదు. మూడు ఫలితాలనీ ఒకే గాటన కట్టాను, అది తప్పే. ఒక ఆశ కనిపిస్తోంది: 2026 జనవరిలో ఓషియానియాకి సొంత ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది, ఫిజీ నుంచి బులా ఎఫ్‌సీ ఆడుతోంది. జీతం తీసుకుని ఏడాది పొడుగునా ఆడే ఇరవై మంది ఉంటే రెండో సగం కాళ్ళు నిలబడతాయి. పైగా 2026 నుంచి ఓషియానియాకి ప్రపంచకప్‌లో నేరుగా ఒక చోటు ఉంది. ముందు ఉండేది కాదు, గెలిచినా ఇంకో ఖండం జట్టుతో ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చేది. ఈసారి ఆ చోటు న్యూజీలాండ్ తీసుకుంది.

గచ్చిబౌలి గ్యాలరీ (హైదరాబాద్):

అమ్మాయిల జట్టుని కూడా వదిలెయ్యకండి. 2022లో ఓషియానియా కప్ ఫైనల్ ఫిజీ రాజధాని సువాలోనే జరిగింది. పపువా న్యూ గినీ చేతిలో 2-1తో పోయింది. అంత దగ్గరకి వెళ్ళారు.

సాలూరు సంత:

మాస్టారు గారూ, మా తాతగారి కోసం ఎక్కడ వెతకాలో చెప్పగలరా? చర్చ పక్కదారి పడుతోందంటే క్షమించండి.

లెక్కల మాస్టారు (విజయనగరం):

పక్కదారేం కాదమ్మా. ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఎమిగ్రేషన్ పాస్ రాశారు. పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. సువాలో ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఆ పాసులు భద్రంగా ఉన్నాయి. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసి ఉంటుంది, సాలూరుని నాలుగైదు రకాలుగా వెతకండి. ఇంకో దారి సంగం. 1926లో పెట్టిన దక్షిణ భారతీయుల సంఘం అది, నాండీలో ఆఫీసు. బోలెడు బడులు నడుపుతారు. తెలుగువాళ్ళు విడిగా ఆంధ్ర సంగం కూడా పెట్టుకున్నారు 1941లో. ఏటా ఈస్టర్ సెలవల్లో సంగం మహాసభ జరుగుతుంది. సభ పేరే గానీ సగం ఫుట్‌బాల్ టోర్నమెంటే. న్యూజీలాండ్, ఆస్ట్రేలియా నుంచి కూడా జట్లు వస్తాయి. మూడు రోజులు మూడు తరాలు ఒకే గ్రౌండు చుట్టూ కూర్చుంటారు. ఇంటిపేరు, ఊరిపేరు పట్టుకుని అడగటానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.

ఆక్లాండ్ అబ్బాయి:

అక్కా, ఈసారి ఈస్టర్‌కి మా ఎదురింటి రెడ్డి గారు వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. మీ తాతగారి పేరు, ఊరి పేరు నాకు విడిగా పంపండి. గ్రౌండు దగ్గర పెద్దవాళ్ళని అడుగుతాను.

సాలూరు సంత:

పంపించాను తమ్ముడూ. పేరు ఒక్కటే తెలుసు, ఇంటిపేరు వాళ్ళు ఎలా రాసుకున్నారో తెలీదు. ఎడమ చెవి తమ్మె చిరిగి ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. గుర్తుల గడిలో అది రాసి ఉంటుందేమో.

లెక్కల మాస్టారు (విజయనగరం):

తప్పకుండా రాసి ఉంటుంది.

గోదారిగట్టు (రాజమండ్రి):

తమ్ముడూ, వెళ్తే స్కోర్లు కూడా ఇక్కడే పెట్టు. హాఫ్ టైమ్ స్కోర్లతో సహా.